మందు కవరు మీద ఒక్క తెలుగు ముక్క రాయించాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మందుల షాపుల్లో తరచూ వినపడే మాట "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి". పరగడుపునా, అన్నం తిన్నాకా, పాలతో వేసుకోవచ్చా అన్నది చాలాసార్లు ఎవరూ చెప్పరు. మింగిన మందు ఎంతవరకు రక్తంలో కలుస్తుందన్నది ఎన్నో మందుల విషయంలో ఆ చెప్పని మాట మీదే ఆధారపడి ఉంది.

మాత్ర ముందు కరగాలి, తర్వాత పేగు గోడ దాటాలి. ఈ రెండు గుణాలను బట్టి 1995లో అమెరికాలో గోర్డన్ అమిడాన్ బృందం మందులను నాలుగు తరగతులు చేసింది. 1997లో ఫైజర్ శాస్త్రవేత్త క్రిస్టఫర్ లిపిన్‌స్కీ అణుభారం 500 దాటడం, కొవ్వులో కరిగే గుణం మితిమీరడం వంటివి కలిసివస్తే నోటి మందు సరిగా ఒంటబట్టకపోవచ్చని లెక్కగట్టారు. సరిగా కరగని రెండు, నాలుగు తరగతుల మందులు అసలు మందుతో సమానంగా రక్తంలోకి చేరుతాయని రుజువు చూపితేనే తయారీకి అనుమతి అని మన ప్రభుత్వం 2017లో నిబంధన తెచ్చింది. ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చిన ఈ జ్ఞానం షాపు బల్ల దాటి రోగి చేతికి రావడం లేదు.

సీమలో ఇది మరీ ముఖ్యం. ఇక్కడ పొద్దున రాగిజావ, మధ్యాహ్నం సంగటి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంత బలమైన తిండిని మానాల్సిన పనిలేదు, వేళ మార్చుకుంటే చాలు. థైరాయిడ్‌కు వాడే లెవోథైరాక్సిన్ కాల్షియం తోడైతే సరిగా ఒంటబట్టదు. దాన్ని పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగాకే ఏదైనా తినాలి. యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతో, పెరుగుతో మింగినా నష్టమే. మన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలు నడిపించిన కాలంలో, 1948లో వెలువడిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ది, దాని కుటుంబపు టెట్రాసైక్లిన్లదీ ఇదే తంతు. ఆల్బెండజోల్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. మెదడులో బద్దెపురుగు తిత్తులకు దాన్ని ఇచ్చినప్పుడు కొవ్వున్న భోజనంతో తీసుకుంటే ఐదు రెట్ల దాకా ఎక్కువ రక్తంలోకి చేరుతుంది.

గర్భిణులకు ప్రభుత్వం ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ ఇస్తుంది. రెండింటినీ కలిపి మింగవద్దని మార్గదర్శకాల్లోనే ఉంది. ఐరన్ మాత్ర వెంటనే టీ తాగితే అందులోని వగరు పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి. మగ్గం పని మధ్య టీ తాగే ధర్మవరం ఆడవాళ్లకు ఈ మాట ఎవరు చెబుతున్నారు?

రోగికి మందు వాడకం వివరించడం ఫార్మసిస్టు విధి అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలే చెబుతున్నాయి. మూడు ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లోనూ, మందుల షాపుల్లోనూ నాలుగు రబ్బరు స్టాంపులు పెట్టాలి: "పరగడుపున", "తిన్నాక", "పాలు, రాగిజావతో వద్దు", "ఐరన్, కాల్షియం వేర్వేరుగా". చదువురానివాళ్ల కోసం పక్కన ఖాళీ కంచం, నిండు కంచం బొమ్మలు వేయాలి. జిల్లా వైద్యాధికారులు ఆదేశమివ్వాలి, ఔషధ తనిఖీ అధికారులు షాపులకు వెళ్లినప్పుడు కవర్లూ చూడాలి, ఆశా కార్యకర్తలు ఇంటింటా చెప్పాలి.

ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు సొంతంగా వేళలు మార్చకుండా డాక్టరునో ఫార్మసిస్టునో అడగాలి. కొత్తగా కొనేవాళ్లు కవరు మీద ఆ ఒక్క ముక్క రాయించుకున్నాకే షాపు మెట్లు దిగాలి.