షెంగెన్ అయినా పాస్‌పోర్టు జేబులో ఉండాల్సిందే

జర్మనీలో ఎంఎస్‌కి వెళ్తున్నారా? ‘షెంగెన్ కదా, బోర్డర్లో ఎవరూ అడగరు’ అనే సీనియర్ల మాట పాతబడిపోయింది. ఆస్ట్రియా సరిహద్దులో జర్మనీ 2015లోనే తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది. 2024 సెప్టెంబర్ 16 నుంచి వాటిని అన్ని భూసరిహద్దులకూ పెంచింది.

అక్కడి నెలవారీ పాస్ డాయిచ్‌లాండ్‌టికెట్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా చెల్లుతుంది. పైసా అదనంగా పెట్టకుండానే దేశం దాటేస్తాం, దాటినట్టు కూడా తెలీదు. మ్యూనిక్‌కు తిరిగొచ్చేటప్పుడే ఫ్రైలాసింగ్ దగ్గర పోలీసులు బోగీ ఎక్కొచ్చు. అందరినీ అడగరు. ముఖాలు చూసి ఎంచుకుంటారన్న విమర్శ అక్కడే ఉంది, నాకూ అది నిజమే అనిపిస్తుంది. గట్టిగా వాదించాల్సిన విషయమే. కాకపోతే పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వాదించండి!

ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు. డిజీలాకర్ అలవాటు ఇక్కడే వదిలేయండి. ఒరిజినల్ పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గరుండాలి. కార్డు రెన్యువల్‌లో ఉంటే, ఆఫీసులో ఇచ్చిన తాత్కాలిక పత్రంలో ఏ సెక్షన్‌కి టిక్ పెట్టారో చూడండి. 81(3) అని ఉంటే ఆ వారం సాల్జ్‌బర్గ్ ప్లాన్ మానుకోండి.