ఎఫ్‌పీఎస్ చూసి ఎయిర్‌గన్ కొనకండి, ముందు మీ పెరటి గోడ చూడండి

మనకి ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్స్ పర్ సెకండ్. ఎయిర్‌గన్ బాక్స్ మీద కనిపించే ఎఫ్‌పీఎస్ వేరు, ఫీట్ పర్ సెకండ్. కానీ రెండింటి చుట్టూ నడిచే మార్కెటింగ్ మాత్రం ఒకటే, పెద్ద నంబర్ చూపించి అమ్మేయడం. నేనూ ఆ నంబర్ చూసే కొన్నా. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కల్వకుర్తి ఇంటికి వచ్చి, సాయంత్రం స్టాండప్ కాల్ అయ్యాక పెరట్లో డబ్బాలు కొట్టుకుందామని.

మూడో రోజే దెబ్బ తగిలింది. కాంపౌండ్ గోడకి ఆనించి ఒక షాబాద్ బండ, దాని మీద ఖాళీ టిన్ను. పెల్లెట్ టిన్నుకి కాకుండా బండకి తగిలి పక్కకి ఎగిరింది. పక్కింటి పెద్దమ్మ నల్లా కింద పెట్టిన స్టీలు బిందె టంగుమంది. ఆమె బిందెకి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. "ఏం పడ్డది బిడ్డా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ రోజు గన్ పక్కన పెట్టేసి, కొనక ముందు చదవాల్సినవన్నీ కొన్నాక చదివా.

మొదట ఆ నంబర్ సంగతి. ఒకే గన్‌లో తేలికపాటి పెల్లెట్ వేస్తే వేగం పెరుగుతుంది, బరువైనది వేస్తే తగ్గుతుంది. 5.2 గ్రెయిన్ల అలాయ్ పెల్లెట్‌తో 1000 ఎఫ్‌పీఎస్ వచ్చిందంటే దాని ఎనర్జీ 16 జౌల్స్ కూడా ఉండదు. అదే ఎనర్జీ లెక్కన మామూలు 8.4 గ్రెయిన్ల సీసం పెల్లెట్ దాదాపు 790 దగ్గర ఉంటుంది. బాక్స్ మీద రాసేది మాత్రం 1000. చిన్న సెన్సార్‌కి 108 మెగాపిక్సెల్ స్టిక్కర్ వేసినట్టే. పైగా వేగం ధ్వని వేగానికి దగ్గరైతే పెల్లెట్ దారి నిలకడగా ఉండదు, శబ్దం కూడా పెరుగుతుంది.

మరి పెరట్లో మనకి ఎంత పవర్ కావాలి? 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వాడే రైఫిళ్ల వేగం సెకనుకి 170-175 మీటర్లు, అంటే సుమారు 570 ఎఫ్‌పీఎస్. ఎనర్జీ 8 జౌల్స్ లోపే. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క సైజు 0.5 మిల్లీమీటర్. అర మిల్లీమీటర్ చుక్క కొట్టడానికి ఆ పవర్ సరిపోతుంటే, కూల్‌డ్రింక్ టిన్ను కొట్టడానికి మనకి రెండింతలు ఎందుకు? నా పెరడు పొడవు కొలిస్తే పన్నెండు మీటర్లు. మీది ఇరవై ఉంటుందేమో.

చట్టం సంగతి చాలామందికి సగమే తెలుసు. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177, అంటే 4.5 మిల్లీమీటర్ల బోర్ దాటకుండా, 20 జౌల్స్ మించకుండా ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కనిపించే .22 రివ్యూలు చూసి మనసు పడకండి, దానికి లైసెన్స్ కావాలి. లైసెన్స్ లేకుండా దొరుకుతుంది కాబట్టి బొమ్మ అనుకోవడం ఇంకో తప్పు. సెకనుకి సుమారు 100 మీటర్ల వేగం ఉన్న పెల్లెట్ చర్మాన్ని చీలుస్తుంది. కంటికైతే అంతకంటే చాలా తక్కువ చాలు. గోడ దాటి పోయిన పెల్లెట్ వందల మీటర్లు వెళ్లగలదు. కల్వకుర్తిలో మా గోడ దాటితే ఉండేది అడవి కాదు, ఇంకొకరి వాకిలి.

అందుకే నా మాట: గన్ ఆర్డర్ చేసే ముందు పెల్లెట్ ఆపే పెట్టె తయారు చేయండి. నాది చెక్క డబ్బా. వెనక ఇనప రేకు, అది నిలువుగా కాదు, తగిలిన పెల్లెట్ కిందికి పడేలా 45 డిగ్రీలు వంచి పెట్టింది. దాని ముందు పాత బట్టలు గట్టిగా కుక్కి, పైన పేపర్ టార్గెట్ అంటించా. డబ్బా వెనక ఉసికె బస్తాలు రెండు వరసలు, మనిషి ఎత్తున. ఖర్చు పెల్లెట్ల డబ్బా రెండింటి కంటే ఎక్కువ కాలేదు. బండ మీదకి, గట్టి చెట్టు మీదకి, నీళ్ల మీదకి కాల్చొద్దు. స్టీలు బీబీలు అసలొద్దు, అవి గట్టి వస్తువు తగిలితే మన మొహం మీదకే తిరిగొస్తాయి. కళ్లద్దాలు పాలీకార్బొనేట్‌వి, కాల్చేవాడికే కాదు పక్కన చూసేవాడికి కూడా. పెల్లెట్లు సీసం కాబట్టి అయిపోయాక సబ్బుతో చేతులు కడగాలి, పడినవన్నీ ఏరేయాలి. ఇంట్లో కోళ్లుంటే మరీ జాగ్రత్త, ఏది పడితే అది పొడుస్తాయి.

మా నాయిన మొదటి ప్రశ్న వేరు. "కోతుల్ని కొట్టనీకి పనికొస్తదా?" పల్లి చేను ఉన్న ఏ ఇంట్లో అయినా ఇదే ప్రశ్న వస్తుంది, తప్పు పట్టలేను. ఒక్క పూటలో గుంపు దిగితే చేను ఏమైపోతుందో నాకూ తెలుసు. కానీ పది మీటర్ల కాగితం కోసం కొన్న గన్ ముప్పై మీటర్ల దూరంలో చెట్టు మీద కదిలే జంతువుని చంపదు, గాయపరుస్తుంది. అది చీము పట్టి రోజుల తరబడి చస్తుంది. పైకి కాల్చిన పెల్లెట్ వెనక గోడ కూడా ఉండదు. ఇక చేలోకి వచ్చేది కోతి ఒక్కటే కాదు, నెమళ్లు కూడా. నెమలికి వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 రక్షణ ఉంది. నాయినకి ఇదంతా చెప్పా. ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

కొనడమే అయితే మొదటి గన్‌గా స్ప్రింగ్ రైఫిల్ చాలు, బ్యారెల్ విరిచి లోడ్ చేసే రకం. మన దేశంలో తయారయ్యే ప్రీసిహోల్ ఎస్ఎక్స్100 లాంటివి ఈ కోవలోవే. పీసీపీ గన్‌కి రికాయిల్ దాదాపు ఉండదు, నిజంగా బాగుంటుంది, కానీ చేతి పంపుతో 200 బార్ వరకు గాలి కొట్టాలంటే జిమ్ ఫీజు మిగులుతుంది. సీఓ2 పిస్టల్ మన ఎండలకి చిరాకు, మే నెలలో కార్ట్‌రిడ్జ్ కారులో వదిలేస్తే ప్రమాదం కూడా. స్ప్రింగ్ గన్‌ని గట్టిగా బిగించి పట్టుకోవద్దు, అరచేతి మీద వదులుగా ఆనించండి, గ్రూపింగ్ సగానికి తగ్గినా ఆశ్చర్యపోవద్దు. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ దెబ్బతింటుంది. స్కోప్ మీద డబ్బులు ఇప్పుడే పెట్టకండి. పది మీటర్లకి చాలా స్కోపుల్లో బొమ్మ మసకగా ఉంటుంది, పైగా స్ప్రింగ్ గన్ రికాయిల్ రెండు వైపులా ఉండటంతో మామూలు స్కోప్ పాడైపోతుంది. ఆ డబ్బుతో నాలుగు రకాల పెల్లెట్లు కొని మీ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో చూడండి, నాకైతే అందులోనే అసలు మజా దొరికింది.

2022 మార్చిలో సంగారెడ్డి జిల్లా వావిలాల దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో ఎయిర్‌గన్ తగిలి నాలుగేళ్ల పాప చనిపోయింది. లైసెన్స్ అక్కర్లేని వస్తువు కదా అని మూలన ఆనించి పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. నా గన్ ఇప్పుడు బీరువాలో, పెల్లెట్లు వేరే గదిలో, తాళం నా దగ్గర. పండక్కి అక్క పిల్లలు వచ్చిన వారం రోజులూ బీరువా తెరవలేదు. పెద్దోడు రెండుసార్లు అడిగాడు, జాతరలో బుగ్గలు కొట్టాడట, వాడికి వచ్చట. కళ్లద్దాలు కొన్నాక, నేను పక్కనుంటే, ఆ ఉసికె బస్తాల ముందు పది పెల్లెట్లు ఇస్తా అన్నా. వాడి సైజు కళ్లద్దాలు ఇంకా దొరకలేదు.