యంత్రం రాకముందే మారవలసిన అలవాటు



"సిస్టరమ్మా, రక్తం తీసి రెండు రోజులైంది, రిపోర్టు ఇంకా రాలేదా?" జ్వరపు రోగుల బంధువులు తరచుగా అడిగే మాట ఇది. వారి ఆత్రుత న్యాయమైనదే.

ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో మాల్డి-టాఫ్ అనే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటోంది. కల్చర్‌లో పెరిగిన సూక్ష్మక్రిమి మీద లేజర్ పడగానే దాని ప్రోటీన్లు ఒక గొట్టంలో పరుగెడతాయి. తేలికవి ముందు, బరువైనవి వెనుక చేరతాయి. ఆ బరువులను బట్టి క్రిమి పేరు నిమిషాల్లో తెలుస్తుంది. ప్రోటీన్లను చెదరకుండా తూచే పద్ధతులు కనుగొన్నందుకే జాన్ ఫెన్, కొయిచి తనకాలకు 2002లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

అయితే ముందుగా క్రిమి పెరగాలి గదా! దానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుని వస్తే అది పెరగకపోవచ్చు. ఇక ఎంత ఖరీదైన యంత్రమైనా దేనిని తూస్తుంది? ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్షకూ ఆ కల్చరే ఆధారం.

యంత్రం కంటే ముందు మన అలవాటు మారాలని నా అభిప్రాయం. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ వాడకండి. వాడి ఉంటే దాచకుండా నర్సుకు చెప్పండి. మేము కోప్పడము.