ఇల్లు ఆదోనిలోనా, ఎమ్మిగనూరులోనా?

ఇల్లు కొందామనే మాట మొదలవగానే మగవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "సెంటు ఎంత పలుకుతోంది?" అని. ఆ లెక్క ముఖ్యమే, కాదనం. కానీ రిజిస్ట్రేషన్ అయ్యాక పొద్దున లేచింది మొదలు రాత్రి గడియ పెట్టేదాకా ఆ ఇంట్లో మసిలేది ఎవరు చెప్పండి? మనమే కదా! అందుకే ఇల్లు చూడ్డానికి మీవారితో పాటు మీరూ బయల్దేరండి. "మీకు నచ్చితే చాలు లెండి" అని మాత్రం ఇంట్లో కూర్చోకండి.

పడమటి కర్నూలులో ఉండేవారికి ఆదోని, ఎమ్మిగనూరు రెండూ ఇరుగూ పొరుగూ. మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో ఆదోని సుమారు లక్షా 66 వేలు, ఎమ్మిగనూరు సుమారు 95 వేలు. ఆదోనికి ముంబయి - చెన్నై రైలు మార్గం ఉంది, పెద్ద పత్తి మార్కెట్ ఉంది. ఎమ్మిగనూరుకి రైలు లేదు గానీ చేనేతలో పేరుంది. మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరి పేరు దూరదేశాలకు తీసుకెళ్లింది. రెండూ మంచి ఊళ్లే. మీ ఇంటికి ఏది నప్పుతుందన్నదే చూసుకోవాలి.

మీవారి ఉద్యోగం ఒక ఊళ్లో, ఇల్లు మరో ఊళ్లో అయితే రోజుకు రానూపోనూ 60 కిలోమీటర్లు. నెలకు 25 రోజులనుకుంటే 1,500 కిలోమీటర్లు. ఇల్లు చవగ్గా వచ్చిందనుకున్న డబ్బు బస్సు ఛార్జీలకూ పెట్రోలుకూ ఎంత పోతుందో కాగితం మీద వేసి చూడండి. పొద్దున్నే క్యారియర్ కట్టడానికి మీరు ఎన్నింటికి లేవాలో ఆ లెక్కలో కలపడం మరిచిపోకండి.

ముందు నీళ్లు చూడండి

రెండు ఊళ్ల కొళాయిలకూ ఆధారం తుంగభద్ర దిగువ కాలువే. ఆ కాలువ ఏడాది పొడుగునా పారదు. అందుకే నీళ్లొచ్చే రోజుల్లో సమ్మర్ స్టోరేజి ట్యాంకులు నింపుకుని వేసవి గడుపుతారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది గుర్తుందా? ఎక్కడో హొసపేట దగ్గర జరిగిందిలే అనుకోవడానికి లేదు. అక్కడి నీళ్లే మన బిందెలోకి రావాలి.

కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు అమ్మేవారిని కాదు, పక్కింటి ఆవిడను పలకరించండి. "అక్కా, నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు? ఏ వేళప్పుడు? మే నెలలో ఎలా ఉంటుంది?" అని అడగండి. ఆవిడకు మీతో బేరం లేదు, ఉన్నమాటే చెబుతుంది. సంపు ఉందా, ఎన్ని లీటర్లు పడుతుంది, కొళాయి కనెక్షన్ ఎవరి పేరుమీద ఉంది, బకాయిలున్నాయా అన్నవి కూడా తెలుసుకోండి.

బోరుంది కదా అని ధీమా పడకండి. ఒక సీసా నీళ్లు ఇంటికి తెచ్చుకుని అందులో కాసిని కందిపప్పు ఉడికించండి. ఎంతసేపటికీ మెత్తబడకపోయినా, సబ్బు నురగ రాకపోయినా అవి చవుడు నీళ్లే. మన పక్క కొన్నిచోట్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. అది రుచికి తెలియదు, పిల్లల పళ్లకూ పెద్దల ఎముకలకూ మాత్రం చేటు చేస్తుంది. తాగడానికి వాడేటట్లయితే ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే.

గోడలు చెప్పే మాట

ఇక నేల సంగతి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది సరిగా లేకపోతే దానితోపాటు ఇల్లూ కదులుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్లున్నాయేమో చూడండి. తలుపులన్నీ మీ చేత్తో ఒకసారి వేసి తీయండి. కొత్తగా సున్నం కొట్టిన గోడ ముచ్చటగా ఉంటుంది గానీ పగుళ్లను దాచడానికీ అదే పనికొస్తుంది. స్థలం కొని కట్టుకునేవారు ఇంజనీరు చేత మట్టి పరీక్ష చేయించి, పునాది ఎంత లోతు వెళ్లాలో, పైల్స్, ప్లింత్ బీము అవసరమో కాదో అడగండి.

పాత మట్టిమిద్దెలు వేసవిలో చల్లగా ఉంటాయి, నిజమే. అయితే వానలు రాకముందే పైన చవుడు సరిచేస్తుండాలి. దూలాలకు చెదలు పట్టిందేమో చూసుకోవాలి. అలాంటి ఇంటికి బ్యాంకు లోను ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఎమ్మిగనూరులో మగ్గం నడిచిన ఇల్లయితే గుంటమగ్గం ఉన్నచోట గట్టిగా పూడ్చారో లేదో చూడండి. లేకపోతే కొన్నాళ్లకు అక్కడి బండలు కుంగిపోతాయి. ఆదోనిలో జిన్నింగు మిల్లుల దగ్గరి ఇల్లయితే పత్తి సీజన్లో ఒకసారి వెళ్లిరండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఆ దూదిధూళి పడదు. వంటగది పడమటికి ఉంటే మే నెల మధ్యాహ్నం మూడింటికి అక్కడ పది నిమిషాలు నిలబడి చూడండి!

కాగితాలు మీరూ చదవండి

అడ్వాన్సు ఇచ్చేముందే 30 ఏళ్ల ఈసీ తీయించండి. లింకు డాక్యుమెంట్లు వరుసగా ఉన్నాయా, ఇంటిపన్ను ఎవరి పేరున ఉంది, ప్లాను అనుమతి ఉందా చూడండి. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు 22-ఎ నిషేధిత జాబితాలో ఉంటాయి. మీ సర్వే నంబరు అందులో లేదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తేల్చుకోండి. ప్రభుత్వమిచ్చిన ఇంటి పట్టా అయితే అమ్మకానికి షరతులుంటాయి, తహసీల్దారు ఆఫీసులో అడగాలి.

పిత్రార్జితమైన ఇల్లయితే ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా అని తప్పక అడగండి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కునిస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ముస్లిం కుటుంబాల్లోనూ కూతుళ్లకు వాటా ఉంది. "వాళ్లకు కట్నం ఇచ్చి పంపించేశాం" అన్న మాట కోర్టులో నిలవదు. సాటి ఆడదాని వాటా ఎగ్గొట్టిన ఇంట్లో మనం దీపం పెట్టడం న్యాయమూ కాదు.

ఖర్చు విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. 30 లక్షల ఇంటికి 2 లక్షల 25 వేలు. ఇవి మారుతుంటాయి కాబట్టి కొనే ముందు మళ్లీ కనుక్కోండి. ఇల్లు కుదిరిన సంతోషంలో ఇది మరిచిపోతే చివరి నిమిషంలో తాకట్టుకు వెళ్లేది మీ గాజులే.

చివరగా, అన్నిటికంటే పెద్ద మాట. దస్తావేజులో మీ పేరు ఉందా? 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం స్త్రీ పేరిట ఉన్న ఆస్తిపై ఆమెకు సంపూర్ణ హక్కు ఉంటుంది. పుట్టింటివారు ఇచ్చిన బంగారం కుదువబెట్టి, చీటీ పాడి కూడబెట్టింది ఆ ఇంటి గోడల్లో ఉన్నప్పుడు, పేరు కాగితం మీద ఎందుకుండకూడదు? పూర్తిగా మీ పేరునే కాకపోయినా ఇద్దరి పేర్లమీద రాయించుకోవచ్చు. కొన్ని బ్యాంకులు ఆడవారి పేర లోనుకు వడ్డీలో కొద్దిపాటి తగ్గింపు కూడా ఇస్తుంటాయి, అడగండి. లోనులో మీరు సంతకం పెడితే వాయిదాల బాధ్యతా మీదవుతుందని గుర్తుంచుకోండి. లోను కాగితంలో మీ సంతకం, దస్తావేజులో మీవారి పేరు మాత్రమే ఉండేలా ఒప్పుకోకండి.

ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతారేమో! గొడవగా కాకుండా, రాత్రి అన్నం తిన్నాక, అడ్వాన్సు ఇవ్వకముందే నెమ్మదిగా చెప్పండి. స్టాంపు పేపరు మీద రాత పూర్తయ్యాక ఈ మాట ఎత్తితే పేచీ అవుతుంది. ఆదోని అయినా, ఎమ్మిగనూరయినా గృహప్రవేశం రోజు పాలు పొంగించేది మీరేగా. ఆ ఇల్లు కాగితం మీద కూడా మీదే కావాలి.