మెష్ ఖరీదు భయంతో ఆపరేషన్ ఆగకూడదు

మైపాడు ఒడ్డున అలివి వల లాగేవాళ్లు మోకు నడుముకు ఆనించుకుని, మడమలు ఇసుకలో తొక్కిపట్టి వెనక్కి వాలతారు. బిగువంతా పొత్తికడుపు మీదే. గజ్జల్లో కండ పలచబడినవాడికి హెర్నియా ఉబ్బు కనబడేది ఇలాంటి పనుల్లోనే. పడుకుంటే లోపలికి పోతుంది కదా అని ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. పేగు ఇరుక్కుని రక్తం ఆడకపోతే ప్రాణం మీదికొస్తుంది. అయినా వాయిదా వేస్తారంటే, ఖర్చు భయం కూడా ఒక కారణం. ఆ భయంలో, ఆపరేషన్‌లో అమర్చే వలగుడ్డకు, అంటే మెష్‌కూ వాటా ఉంది.

అంత భయం అక్కర్లేదు. మామూలు గజ్జల హెర్నియాకు సాదా పాలీప్రొపిలీన్ మెష్ చాలు. పడవ తాళ్లలోనూ వాడే ప్లాస్టిక్కే అది, కాకపోతే వైద్యానికని తయారుచేసి శుద్ధి చేసినది. 1980లలో అమెరికా సర్జన్ లిక్టెన్‌స్టీన్ కండను లాగి కుట్టకుండా పైన మెష్ పరిచే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాక, హెర్నియా తిరగబెట్టడం బాగా తగ్గింది.

చదరపు మీటరుకు 50 గ్రాముల లోపుంటే తేలిక మెష్, 80 దాటితే బరువుది. తేలికదానితో లోపల ఏదో ఉన్నట్టు అనిపించడం తగ్గొచ్చు. అయితే కొన్ని రకాల హెర్నియాల్లో, లాప్రోస్కోపీలో పెట్టినప్పుడు, హెర్నియా తిరగబెట్టడం ఎక్కువని తేలింది. కాబట్టి ఖరీదైన తేలికదే మేలన్న మాట నిలవదు. పేగులకు తగిలేలా కడుపు లోపల పెట్టేటప్పుడు మాత్రం సాదాది అంటుకుపోతుంది, పూత ఉన్నదే కావాలి. అక్కడ పొదుపు పనికిరాదు.

మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ టోంగావ్‌కర్ ఖర్చు తగ్గించడంలో ఇంకా ముందుకెళ్లారు. దోమతెర గుడ్డను శుద్ధి చేసి రోగులకు అమర్చి, ఫలితాలను 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ప్రకటించారు. తర్వాత ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద పరీక్ష జరిగింది. ఒక వర్గానికి డాలరు ఖరీదు చేసే దోమతెర మెష్, రెండో వర్గానికి 125 డాలర్ల కంపెనీ మెష్. ఏడాది తిరిగేసరికి మొదటి వర్గంలో ఒక్కరికే తిరగబెట్టింది, రెండో వర్గంలో ఎవరికీ లేదు. 2016లో వెలువడిన ఈ ఫలితాలు రెండు మెష్‌లూ దాదాపు సమానమనే చెప్పాయి. (ఇంట్లో దోమతెర కత్తిరించి వాడొచ్చని కాదు. తగిన గుడ్డ ఎంపిక, సరైన వేడిలో శుద్ధి లేకపోతే ముప్పే.)

ఏ మెష్ పెడుతున్నారో, ఎందుకో, దాని ధరెంతో ఆపరేషన్‌కు ముందే రోగికి తెలుగులో చెప్పాలి. ప్యాకెట్ మీది స్టిక్కర్‌ను డిశ్చార్జి కాగితానికి అతికించి ఇవ్వాలి. నాలుగేళ్ల తర్వాత నొప్పి వచ్చి అతను చెన్నై వెళ్లినా, లోపల ఏముందో అక్కడి డాక్టర్‌కు ఆ కాగితమే చెబుతుంది.