తిరునాళ్లలో సెల్‌ఫోను

వదినగారూ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీ ఇంట్లో పొద్దున్నే సుప్రభాతం ఎవరు పాడుతున్నారు? మా ఇంట్లో మాత్రం సెల్‌ఫోనే! పోపుల డబ్బాకి ఆనించి పెట్టి నా పనేదో నేను చేసుకుంటూ ఉంటాను. మొన్నొకరోజు లలితా సహస్రనామం సగంలో ఉండగా ఠక్కున ఆగి, బట్టల సబ్బు ప్రకటన మొదలైంది. నా చేతులనిండా ఇడ్లీ పిండి, ఆపుదామంటే లేదు. అమ్మవారి నామాల మధ్య మొండి మరకల గొడవ విని, మంచం మీంచి మా అత్తయ్య ఒకటే నవ్వు.

అత్తయ్యకి యంత్రాలంటే కోపమేం లేదండీ. విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ మజ్జిగ చిలికిన మనిషి ఆవిడ. తర్వాత ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం క్యాసెట్టు వచ్చింది, ఘంటసాల గారి భగవద్గీత వచ్చింది. (పాపం, ఆ గీతని ఇప్పుడు చావు ఇళ్ల దగ్గర మాత్రమే పెడుతున్నారు. ఎక్కడ వినపడినా ముందు గుండె ఝల్లుమంటోంది.) 1987లో ఆదివారం పొద్దున టీవీలో రామాయణం వచ్చే రోజుల్లో, మా వీధిలో టీవీ ఉన్న ఒక్క ఇంటికీ అందరం స్నానాలు చేసి మరీ వెళ్లేవాళ్లం. ఆ ఇంటావిడ టీవీకి బొట్టు పెట్టి హారతిచ్చేది. 2020లో కరోనా వచ్చి మార్చి 20 నుంచి జూన్ దాకా తిరుమలలో భక్తులకి దర్శనాలు ఆపేసినప్పుడు, స్వామివారి సేవలు భక్తి చానల్లో చూసి దణ్ణం పెట్టుకున్నవాళ్లం మనమే కదా! కాబట్టి దేవుడి గదిలోకి మిషను రాకూడదని నేననను. నా బాధ వేరే.

మాది నరసరావుపేట దగ్గర. మాకు శివరాత్రి అంటే కోటప్పకొండే. వేరే జిల్లాల వాళ్లకోసం కాస్త చెప్తాను. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనపడతాయని త్రికూటమన్నారు, పైన త్రికోటేశ్వరస్వామి. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ప్రభలు కట్టుకుని కొండకి వస్తారు. కావూరు, చిలకలూరిపేట పక్క పురుషోత్తమపట్నం, ఇలా చాలా ఊళ్లు. ఒక్కొక్క ప్రభ ఎనభై, తొంభై అడుగుల ఎత్తుంటుంది. పడిపోకుండా మోకులు కట్టి నాలుగువైపులా మనుషులు లాగి పట్టుకుంటారు. వెనకటికి ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు. కరెంటు వచ్చాక రంగురంగుల బల్బులు పెట్టారు, వెనకాల జనరేటరు ధడధడలాడుతూ వస్తుంది. దీపాల్లోనే శివుడు, నెమలి, తిరిగే చక్రాలు! ఇంత కరెంటు పెట్టినా ఇది భక్తి కాదని మా పల్నాట్లో ఎవరూ అనరు.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. దానికి నెల ముందే అత్తయ్య స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి తప్పని తిరునాళ్ల ఆ ఏడు తప్పింది. "పోనీలే అమ్మాయ్, నువ్వన్నా వెళ్లి రా" అన్నారు గానీ మొహం గోడవైపు తిప్పుకున్నారు. నేను ఫోన్లో చూపిస్తానని మాటిచ్చి, ఆవిడ కాలు బాగవ్వాలని స్వామికి మొక్కుకుందామని మనసులో పెట్టుకుని బయల్దేరాను.

చూపించాను కూడా. ఆ జనంలో సిగ్నలందక రెండుసార్లు తెగింది, మూడోసారి కలిసింది. "కొంచెం ఎడంపక్కకి తిప్పవే, అదిగో, అది మనూరిదే!" అంటుంటే ఆ గొంతులో సంతోషం ఏమని చెప్పను! అంతటితో ఆపితే బాగుండేది. హైదరాబాదు నుంచి మా అమ్మాయి, తర్వాత ఆడపడుచు, తర్వాత అపార్టుమెంటు గ్రూపువాళ్లు. అందరికీ పంపాలి, వాట్సాప్ స్టేటసు పెట్టాలి, ఎవరు చూశారో చూసుకోవాలి. ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆరిపోయాక తలెత్తితే, పెద్ద ప్రభలన్నీ నా ఎదురుగానే దాటి వెళ్లిపోయినై. అరచేతంత అద్దంలో తప్ప వాటిని చూడనే లేదు నేను. తర్వాత దర్శనం క్యూలో నిలబడి గంటసేపు ఆలోచించింది ఛార్జరు ఎవరి దగ్గర దొరుకుతుందా అని.

ఇంటికొచ్చి ప్రసాదం చేతిలో పెడితే అత్తయ్య అడిగారు, "స్వామికి ఏం చెప్పుకున్నావే?" అని.

నోరు పెగల్లేదు వదినా. మొక్కు మర్చిపోయాను! ఆవిడ కాలు కోసమే వెళ్లి, స్వామి ఎదురుగా నిలబడి, ఆ ఒక్కమాటే మర్చిపోయాను. అబద్ధం చెప్పలేక ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కష్టం కలగకుండా ఉంటుందా! తర్వాత గొల్లభామ సంగతి ఎత్తారు. ఆనందవల్లి రోజూ కొండెక్కి స్వామిని కొలిచేది. నెలలు నిండుతుంటే ఎక్కలేక, నువ్వే మా ఇంటికి రమ్మని వేడుకుంది. ముందు నువ్వు నడు, వెనక నేనొస్తా, తిరిగి మాత్రం చూడొద్దన్నాడు స్వామి. దారిలో పెద్ద శబ్దమైతే ఆగలేక తిరిగి చూసింది. అంతే, స్వామి అక్కడే శిల అయిపోయాడు. ఇప్పటి గుడి అక్కడే ఉందంటారు. "చప్పుడికి తల తిప్పటం ఆవిడకే తప్పలేదు, నువ్వెంత? ఆయన అక్కడే ఆగాడు గానీ వెళ్లిపోలేదుగా. మళ్లీ వెళ్లి చెప్పిరా" అన్నారు.

వారం తిరగకుండా మళ్లీ వెళ్లాను, ఫోను ఇంట్లోనే పెట్టి. తిరుమలలో గుడి లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు కదా, అది అప్పజెప్పి రావాలంటే విసుక్కునేదాన్ని. ఇప్పుడు విసుక్కోవటం మానేశాను. ఇంట్లో కూడా స్తోత్రాలన్నీ మా అబ్బాయి చేత ఫోన్లోకే ఎక్కించుకున్నాను. విమానం బొమ్మ నొక్కితే ఫోన్లు రావు, ఇంటర్నెట్టు ఉండదు, సబ్బు ప్రకటనా రాదు. సందెదీపం వేళ ఆ ఫోను బియ్యం డబ్బా మీద ఉంటుంది. రోజూ కుదురుతోందని గొప్పలు చెప్పను. మా అమ్మాయి ఫోను చేసే టైము కూడా అదే మరి.

2025 కార్తీకంలో, రద్దీ ఉండే సోమవారం కాకుండా మంగళవారం చూసి, అత్తయ్యని కారులో ఘాట్ రోడ్డు మీదుగా పైకి తీసుకెళ్లాం. చేతికర్రతో మెల్లగా నడిచారు. దర్శనమై బయటికొచ్చాక ఫోను తీయమన్నది ఆవిడే! మాచర్లలో ఉన్న వాళ్ల చెల్లెలికి మోకాళ్ల నొప్పులు, ఎక్కడికీ కదల్లేదు. ఆవిడకి కొండ చూపించి, శిఖరం చూపించి, "ఇంక లోపల పెట్టెయ్" అన్నారు.

గొల్లభామ శాపం వల్ల ఈ కొండ మీద కాకి వాలదని మావాళ్ల నమ్మకం. చెట్టునీడన చెరో అరటిపండు ఒలుచుకుని, ఒక్కటన్నా వస్తుందేమోనని ఇద్దరం కొమ్మలకేసి చూస్తూ కూర్చున్నాం. మేమున్న గంటలో ఒక్కటీ రాలేదు.