గోధుమ మానుటకు ముందు

గోధుమరొట్టె తినినప్పుడెల్ల కడుపు ఉబ్బరించుచున్నదని ఆ ధాన్యమును వంటింటినుండి వెడలగొట్టి, నెలలు గడచిన పిమ్మట వైద్యుని కడకేగి, తమకు సీలియాక్ వ్యాధి ఉన్నదో లేదో తేల్చి చెప్పుమని కోరువారు ఇటీవల నగరములలో తరచుగా కానవచ్చుచున్నారు. ఈ క్రమము తలక్రిందులైనది. ఏలయన, గోధుమ, బార్లీ, రై ధాన్యములలోని గ్లూటెన్ అను మాంసకృత్తుపై దేహము సాగించు కలహపు ఆనవాళ్ళనే పరీక్షలు వెదకును. కారణము తొలగినచో ఆనవాళ్ళును క్రమముగా మాసిపోవును.

గోధుమతో ఈ వ్యాధికి గల సంబంధమును నిరూపించిన డచ్చి శిశువైద్యుడు విల్లెం డికె, తనకు 1930ల నుండియు ఉన్న అనుమానమును 1944–45 నాటి హాలెండు కరవు బలపరచగా, 1950లో సిద్ధాంతవ్యాసముగా వెలువరించెను. ఆహారము మార్చి ఫలితము చూచుటయే ఆయన సాధనము. నేడు అంతమాత్రము చాలదు. గోధుమలోని ఫ్రక్టాన్లు ప్రేగులలో పులియుటచేత బాధపడువారును దానిని మానగానే నెమ్మదింతురు గదా!

మొదట రక్తములో టీటీజీ ప్రతిరక్షకములను చూతురు. ఇవి ఐజీఏ తరగతివి కావున, పుట్టుకతోనే ఆ తరగతి కొరవడినవారికి వ్యాధి ఉండియు ఫలితము లేదనియే వచ్చును. అందుచే మొత్తము ఐజీఏను కూడ కొలువని చీటీ నా దృష్టిలో సగము చీటీయే. పిదప ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేగు మొదటిభాగమున నాలుగైదు చోట్ల ముక్కలు తీసి, ముఖమలు నూగువలె నిలువవలసిన అంకురములు అణగిపోయినవేమో సూక్ష్మదర్శినిలో పరికింతురు. పిల్లల విషయమున మాత్రము, టీటీజీ హద్దుకు పదిరెట్లు దాటి, రెండవసారి తీసిన రక్తములో ఎండోమైసియల్ ప్రతిరక్షకములును కనబడినచో, ముక్క తీయకయే నిర్ణయింపవచ్చునని 2020 నాటి ఐరోపా మార్గదర్శకములు అంగీకరించినవి.

అన్నము తినువారికి ఈ రోగమెక్కడిదని మనవైపు పెద్దలందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు: 2016లో వెలువడిన అధ్యయనమున ఉత్తరభారతమున నూటికి 1.23 మందికి, దక్షిణమున 0.10 మందికి మాత్రమే ఈ వ్యాధి ప్రతిరక్షకములు రక్తమున కనబడినవి. కాని అనుకూలించు జన్యువులు ఉభయత్రా ఇంచుమించు సమానమే; తేడా కంచములోని గోధుమదని పరిశోధకులు భావించిరి. ఆ కంచమిప్పుడు మారుచున్నది. ఇనుపమాత్రలకు లొంగని రక్తహీనతగాని, ఎదుగుదల నిలిచిన బిడ్డగాని, మొదటితరగతి మధుమేహముగాని ఎదురైనప్పుడు తెలుగు వైద్యుడును ఈ పరీక్షను తలపవలెను.

ఇదివరకే మానివేసినవారి మాట యేమి? ఆహారముతో నిమిత్తములేనిది జన్యుపరీక్ష ఒక్కటే. డీక్యూ2, డీక్యూ8 అను జన్యురూపములు రెండును లేనిచో వ్యాధి ఇంచుమించు లేనట్లే. ఉన్నంతమాత్రమున వ్యాధి ఉన్నట్లు కాదు. జనులలో సుమారు మూడవవంతు అవి గలవారే. గోధుమ మానినవారిలో ఆ జన్యువులు గలవారు వైద్యుని పర్యవేక్షణలో కొన్ని వారములపాటు మరల చపాతీలు తిని, అప్పుడు రక్తమీయవలెను.